కుడివైపు ఎవరు చూస్తున్నారు

కిందటి వారం యమునను గోదావరిఖని బస్టాండు పక్క టీ కొట్టు ముందు వదిలేశాం. గ్లాసులో టీ చల్లారిపోయింది. మట్టి కుప్పల దగ్గర డంపర్లకు జెండా ఊపి దారి చూపే బుచ్చన్న, ఆమె మొహం చూడకుండానే ఒక మాట అనేసి సైకిలెక్కాడు.

"మంచిర్యాల్ల కంటి పరీక్ష నాడు మీ ఇంటి అన్నదమ్ముల్ల ఒకని జాగల ఒకడు కూసున్నడంట బిడ్డా. నేను జెప్పిన్నని మాత్రం అనకు."

అన్నదమ్ములంటే యమున భర్త భూపాల్, మరిది రఘుపతి. ఇద్దరూ బొగ్గు మీద మట్టిని తవ్వి పోసే ఒక కాంట్రాక్టరు దగ్గర డంపర్ ఆపరేటర్లు. భూపాల్ పాత చెయ్యి. రఘుపతికి అనుమతి వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. అంతలోనే ప్రమాదం జరిగింది. వంద టన్నుల డంపర్ ఒకటి మలుపులో కుడివైపు తిరుగుతూ, ఆగి ఉన్న సర్వే బొలేరోను అప్పడంలా నలిపేసింది. సర్వేయర్ అనంతరామ్ ఫోన్ సిగ్నల్ కోసం అప్పుడే దిగి పక్కకు నడిచాడు కాబట్టి బతికాడు. "నేనే నడిపిన సార్, చూసుకోలే" అని రఘుపతి ఒప్పుకున్నాడు.

అతనికి నడపడం నేర్పింది యమునే. ఆ కాంట్రాక్టరు ట్రైనింగ్ యార్డులో ఆమె ఇన్‌స్ట్రక్టర్. షిఫ్టు మేనేజర్ జైపాల్ నలుగురి ముందూ ఆమెనే తప్పుపట్టాడు. "మీరు నేర్పుడే సక్కగ లేదు మేడమ్. ఆదివారం మళ్ల నేర్పండి. సోమవారం నాకు బండి మీద మనిషి కావాలె."

ఆ ఆదివారం వచ్చింది.

*

ట్రైనింగ్ యార్డు ఒకప్పటి మట్టి గుట్ట. పైభాగం చదును చేసి, చుట్టూ కంచె వేసి, మలుపులూ ఏటవాలూ ఉన్న దారి తీసి, ఒక రేకుల షెడ్డు, ఒక పాత డంపర్ పెట్టారు. అంచుకు వెళ్లి నిలబడితే కింద క్వారీ మొత్తం కనిపిస్తుంది. మెట్లు మెట్లుగా దిగిన గొయ్యి, అడుగున నల్లటి బొగ్గు పొర, గొయ్యిలోంచి పాములా పైకి వచ్చే రోడ్డు. ఆ రోడ్డు మీద డంపర్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఆదివారమైనా క్వారీకి సెలవు లేదు. భూపాల్ ఆ వేళ మొదటి షిఫ్టులోనే ఉన్నాడు.

యమున తెల్లారినప్పటి నుంచీ ఒకటే ఆలోచిస్తోంది. రఘుపతి ఆమె దగ్గర నేర్చుకున్నన్ని రోజులూ కుడివైపు అద్దం చూడకుండా ఒక్కసారి కూడా స్టీరింగు తిప్పలేదు. డంపర్‌లో ఆపరేటరు ఎడమ పక్కన కూర్చుంటాడు. కుడివైపు అంతా ఇనుమే. అటు ఏముందో అద్దమే చెప్పాలి. "కుడిపక్క నీకు శత్రువు అనుకో. దాన్ని నమ్మకు" అని మొదటి రోజే చెబుతుంది ఆమె. అంత బాగా నేర్చుకున్నవాడికి తెల్లటి బొలేరో కనిపించకపోవడమేమిటి?

బుచ్చన్న మాటతో లెక్క సరిపోయినట్టనిపించింది. రఘుపతికి చూపు బాగా లేదు. కంటి పరీక్షలో తమ్ముడి బదులు భూపాల్ వెళ్లి కూర్చున్నాడు. ఇద్దరివీ ఒకే పోలికలు. ఆ దవాఖానలో కాంట్రాక్టరు మనుషులను గుంపుగా కూర్చోబెట్టి జల్దీ జల్దీ పంపేస్తారని అందరికీ తెలుసు.

భూపాల్‌ను అడగొచ్చు. కానీ అడగలేదు. ఈ మధ్య అతను ఇంట్లో ఉన్నా లేనట్టే ఉంటున్నాడు. ఏదో దాస్తున్నాడు. ఆమె పక్కన కూర్చుంటే తల తిప్పడు. పిలిస్తే ఉలిక్కిపడతాడు. మోటారుబండి తాళాలు ఆమె చేతికిచ్చి, నడుం నొప్పి అంటూ వెనక కూర్చుంటాడు. ఎవరైనా ఆడమనిషి ఉందేమోనని కూడా అనుకుంది యమున. అలా అనుకున్నందుకు సిగ్గుపడింది. మళ్లీ అనుకుంది. ఇలాంటి మనిషిని ఏమని అడగాలి? అడిగితే నిజం చెబుతాడన్న నమ్మకం ఏది?

అందుకే తనే తేల్చుకోవాలనుకుంది. చేతిలో డంపర్ ఉంది. ఎదురుగా రఘుపతి ఉంటాడు. యార్డులో ఇంకెవరూ ఉండరు, గేటు దగ్గర కాపలా మనిషి తప్ప.

రఘుపతి వచ్చాడు. గడ్డం గీసుకోలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"తిన్నవా?" అంది యమున.

"తిన్న వదినె."

"నిద్రపోయినవా?"

రఘుపతి హెల్మెట్ పట్టీ బిగించుకోవడంలో మునిగిపోయినట్టు నటించాడు.

"బండి చుట్టూ తిరిగి చూసుకో. అయినంక ఎక్కు" అంది.

అతను టైర్లు చూస్తూ, నూనె కారుతోందేమో వంగి చూస్తూ ఎడమ పక్కకు వెళ్లగానే, యమున షెడ్డు వెనక దాచిన నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్మును దొర్లించుకుంటూ వెళ్లి దారి మలుపులో కుడివైపు నిలబెట్టింది. డ్రైవరు సీట్లోంచి చూస్తే అది కనిపించదు. అద్దంలో, అదీ మూలకు మాత్రమే కనిపిస్తుంది. ఆమెకు మనసొప్పలేదు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన పిల్లవాడికి వల పన్నుతున్నట్టుంది.

ఇద్దరూ నిచ్చెన ఎక్కి క్యాబిన్లో కూర్చున్నారు. రఘుపతి బెల్టు పెట్టుకున్నాడు. హారన్ కొట్టాడు. ఇంజిన్ గుర్రుమంది.

"మామూలుగ నడుపు. నేను పక్కన లేననుకో."

నడిపాడు. యమున రోడ్డు చూడలేదు, అతని కళ్లనే చూసింది. ఎడమ అద్దం, ముందు, కుడి అద్దం. మళ్లీ ముందు. చేతులు వణకడం లేదు. తొందర లేదు. ఏటవాలులో దిగేటప్పుడు బ్రేకు మీద బరువంతా వేయకుండా గేరులోనే దించాడు. మొదటి మలుపు దాటింది. రెండోది వచ్చింది.

స్టీరింగు సగం తిప్పి రఘుపతి బండి ఆపేశాడు.

"వదినె, ఆడ డ్రమ్ము ఎవలు పెట్టిన్రు?"

"ఏ డ్రమ్ము?"

"అగో, కుడిపక్క. నీలంది. మొన్న లేకుండె గదా."

అనుకున్నది జరగనందుకు సంతోషపడాలో, భయపడాలో యమునకు తెలియలేదు. బండి పక్కకు తీయించి ఇంజిన్ ఆపించింది. ఇద్దరూ దిగి గుట్ట అంచుకు వెళ్లారు.

"ఎడమ కన్ను మూసుకో" అంది.

"ఎందుకు?"

"మూసుకో అంటున్న. చెయ్యి అడ్డం పెట్టుకో. అగో, కింద డీజిల్ ట్యాంకరున్నది. దాని మీద ఏం రాసున్నది?"

"పొగ తాగరాదు."

"దాని కింద?"

"నిప్పుకు దూరముండుము." నవ్వు తెచ్చుకోబోయాడు, రాలేదు. "ఇంకింత కింద నంబరున్నది. సదువమంటవా?"

"ఇప్పుడు కుడి కన్ను మూసుకో."

అదీ చదివాడు. యమున కంటే ముందే చదివాడు. ఆమెకు ఆ నంబరు సరిగా కనిపించనే లేదు.

"రెండు కండ్లు సక్కగనే ఉన్నయి గదరా నీకు!" అంది. గొంతులో కోపమూ ఆశ్చర్యమూ కలిసిపోయాయి. "మరి మీ అన్న నీ జాగల ఎందుకు కూసున్నడు పరీక్షకు?"

"అన్ననా?" రఘుపతి నిజంగానే తెల్లబోయాడు. "అన్న నా జాగల కూసునుడేంది?"

ఆ మాట నోట్లోంచి వచ్చాకే తనేం చెప్పేశాడో అతనికి తెలిసింది. చూపు క్వారీ వైపు తిప్పేశాడు.

ఒకని జాగల ఒకడు. బుచ్చన్న అన్నది అంతే. ఎవరి జాగలో ఎవరో ఆయన చెప్పలేదు. యమునే తనకు తోచినట్టు అనుకుంది. కొత్తవాడే తప్పు చేసి ఉంటాడని, పాతవాడు కాపాడి ఉంటాడని. ఒక్కసారి కూడా తిరగేసి చూడలేదు.

అక్కడే మట్టి గడ్డ మీద కూర్చుంది.

పక్కన కూర్చుంటే తల తిప్పనిది కోపంతో కాదు. ఆమె ఎప్పుడూ కూర్చునేది అతని కుడి పక్కన. పిలిస్తే ఉలిక్కిపడింది తప్పు చేసినవాడిలా కాదు, మనిషి ఉన్నట్టు చూడనివాడిలా. బండి తాళాలు ఆమెకిచ్చింది నడుం నొప్పికి కాదు. మొన్న అన్నం తింటూ చేయి తగిలి మంచినీళ్ల చెంబు దొర్లితే, పరాకుగా ఉన్నావని విసుక్కుంది. అతను ఒక్క మాట అనకుండా గుడ్డ తెచ్చి నేల తుడిచాడు.

"ఎన్ని రోజులాయె?" అంది.

"వదినె..."

"రఘూ, ఇగ దాచకు. ఎన్ని రోజులాయె?"

రఘుపతి హెల్మెట్ తీసి పక్కన పెట్టి, ఆమెకు కొంచెం దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

"పోయిన వానకాలం నుంచి. మొదలు మసకగ కనవడుతున్నది అన్నడు. షుగరుతోని కంటి నరం ఎండిపోయిందంట. కరీంనగర్ పోయి చూపించుకున్నడు, నీకు పెద్దపల్లిల పనున్నదని చెప్పిండు. కుడి కన్ను ఇగ రాదన్నరంట. ఎడమది మంచిగున్నది."

"నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే నువ్వు బండి దించుతవని."

"దించనా మరి?"

"దించుతవని తెల్సు కాబట్టే చెప్పలే." తల వంచుకుని మట్టిలో వేలితో గీతలు గీశాడు. "నాయిన పోయినప్పుడు నేను ఏడో తరగతి. నన్ను పెంచింది అన్ననే గదా. పరీక్షకు పోరా తమ్మీ, ఒక్కసారి కూసుండి రా, ఎవరేం అడుగరు అన్నడు. నేను ఎట్ల కాదంట? ఆళ్లు పేరు పిలిచిన్రు, భూపాల్ అని. నేను లేసి పోయిన. అక్షరాలు సదివిన. బయటికొచ్చిన. గంతే."

"గంతే?"

"గంతే అనుకున్న వదినె."

క్వారీలో ఎక్కడో షావెల్ యంత్రం బకెట్టు మట్టిని డంపర్‌లో పోసిన చప్పుడు వచ్చింది. యమునకు ఇంకో సంగతి మెల్లగా అర్థమవుతోంది. అడగాలంటే భయమేసింది. అయినా అడిగింది.

"బొలేరోను గుద్దింది నువ్వు కాదు."

రఘుపతి మట్టిలో గీసిన గీతలను అరచేత్తో చెరిపేశాడు.

"నేను ఎన్క బండిల ఉన్న. దబ్బుమని చప్పుడైంది. ఉరికి పోయి చూస్తే అన్న స్టీరింగు పట్టుకొని అట్లనే కూసున్నడు. ఏమైందిరా, ఏమైందిరా అంటున్నడు. ఏం గుద్దిండో గూడ తెల్వది వదినె ఆయినకు. నేను నిచ్చెనెక్కి రెక్క పట్టి కిందికి గుంజిన. పో, నా బండి కాడికి పో అన్న. నేనెక్కి కూసున్న. జీపులచ్చినంక నేనే నడిపిన్నని చెప్పిన."

"అనంతరామ్ సార్ చూడలేదా?"

"ఆయిన ఫోన్ల మాట్లాడుకుంట అటు తిరిగున్నడు. ఇటు తిరిగేటాళ్లకు సీట్ల నేనున్న."

"మనిషి పోతుండె రఘూ."

"తెల్సు."

"ఆయిన బొలేరోలనే ఉంటే?"

"తెల్సు అంటున్న గద వదినె!" రఘుపతి గొంతు పెంచాడు. "కండ్లు మూస్తే ఆ బొలేరోనే కనవడుతున్నది. అన్నకు చెప్పిన, దిగు, నేను జైపాల్ సార్ కాళ్లు పట్టుకుంట, ఏదన్న కింది పని ఇయ్యమంట అని. ఆయిన ఒక్కటే మాట. డంపర్ దిగినంక నేనేందిరా, నన్నెవలు గుర్తుపడుతరు అన్నడు."

యమునకు కన్నీళ్లు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదేమో. ఇన్నాళ్లూ తన మీద ప్రేమ తగ్గిందనుకుని ఆమె మొహం ముడుచుకుంటే, అతను చీకటైపోయిన సగం ప్రపంచాన్ని మోసుకుంటూ ఆమె పక్కనే పడుకున్నాడు. జాలేసింది. ఆ జాలి వెనకే కోపం వచ్చింది. ఆమె నేర్పిన పిల్లలు అదే రోడ్డు మీద బండ్లు నడుపుతున్నారు. సర్వే వాళ్లు, నీళ్ల ట్యాంకరు వాళ్లు, పైపులు వేసేవాళ్లు నడిచి తిరుగుతున్నారు. వాళ్లందరి కుడి పక్కనా ఎవరు చూస్తున్నారు?

లేచి ఫోన్ తీసింది.

"ఎవలకు చేస్తున్నవ్?"

"జైపాల్ సార్‌కు."

"వదినె, వద్దు. అన్న పని పోతది. నాది గూడ పోతది."

"మనిషిని చంపినంక ఉంటదా?"

రఘుపతి అడ్డం రాలేదు.

ఫోన్ మోగగానే జైపాల్ ఎత్తాడు. యమున సూటిగా చెప్పింది. "సార్, భూపాల్‌ను ఇప్పుడే డంపర్ దించండి. ఆయినకు కుడి కన్ను కనవడదు. కంటి పరీక్ష ఇచ్చింది ఆయిన కాదు. మొన్న బొలేరోను గుద్దింది గూడ ఆయిననే."

అవతల నుంచి ఏ కేకా రాలేదు. అయ్యో అనలేదు. ఎవరు చెప్పారని అడగలేదు.

"ఇంకెవరికన్న చెప్పిన్రా మేడమ్?"

ఆ ప్రశ్నలో ఆశ్చర్యం లేదు.

"మీకు తెల్సా సార్?"

"చూడున్రి మేడమ్. పధ్నాలుగేండ్ల చెయ్యి అది. భూపాల్ కండ్లతోని నడుపడు, చేతితోని నడుపుతడు. అసొంటి ఆపరేటర్ను ఇంట్ల కూసోవెడితే నా మట్టి ఎవడు తోలాలె? మీరు నేర్పే పోరగాండ్లా?"

"కనవడదు సార్ ఆయినకు!"

"కనవడదు కాబట్టే చెప్పిన మాట ఇంటడు. డబుల్ షిఫ్టు అంటే చేస్తడు. బ్రేకు లూజున్నా మరో మాట లేకుంట నడుపుతడు. కండ్లున్నోళ్లు నాతోని గొడవ పెట్టుకుంటరు." జైపాల్ గొంతు మెత్తబడింది. అదే ఎక్కువ భయపెట్టింది ఆమెను. "మీ ఆయిన కొలువు, మీ మరిది కొలువు, మీది. మూడూ ఒక్క ఇంట్లనే ఉన్నయి. జర సోంచాయించుకోండి. ఫోన్ పెట్టేసి ఇంటికి పోండి."

ఫోన్ ఆగిపోయింది.

"ఏమన్నడు?" అన్నాడు రఘుపతి.

"ఆయినకు ముందే ఎర్కే."

"ఎట్ల? అన్న నాకొక్కనికే చెప్పిన్నన్నడే!"

యమున చూపు కింద రోడ్డు మీద నిలిచిపోయింది. గొయ్యిలోంచి ఒక డంపర్ నిండు బరువుతో పైకి వస్తోంది. పక్కన పెద్దగా తొమ్మిది అంకె. భూపాల్ బండి. పైన, రోడ్డు కుడివైపు తిరిగే చోట, నీళ్ల ట్యాంకరు ఆగి ఉంది. ఇద్దరు మనుషులు దాని కింద వంగి పైపు బిగిస్తున్నారు. వాళ్ల వీపులు రోడ్డు వైపున్నాయి.

రఘుపతి కూడా చూశాడు. "వదినె!" అని అరిచాడు. ఆ అరుపు అంత దూరం వినపడదు.

యమున షెడ్డులోకి పరుగెత్తింది. బల్ల మీద వైర్‌లెస్ సెట్టు ఉంది. దాని మాట క్వారీలో ప్రతి బండిలోనూ వినిపిస్తుంది. మేనేజర్ జీపులోనూ వినిపిస్తుంది. ఇప్పుడు మాట్లాడితే ఊరందరికీ చెప్పినట్టే. ఇంట్లో దాచుకోవలసింది ఏదీ మిగలదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. బటన్ నొక్కింది.

"తొమ్మిదో నంబర్! తొమ్మిదో నంబర్ డంపర్, ఉన్నకాడ్నే ఆపు! ఆపు!"

సెట్టు పట్టుకునే మళ్లీ అంచుకు పరుగెత్తింది. డంపర్ ఇంకా కదులుతోంది. ముందు చక్రాలు కుడివైపు తిరగడం మొదలైంది. తర్వాత బరువుగా ఒకసారి ముందుకు ఊగి ఆగింది. దుమ్ము దాన్ని కప్పేసింది.

"ఎవరది?" సెట్టులో భూపాల్ గొంతు. "ఏమైంది?"

"నేను, యమునను. ట్రైనింగ్ యార్డు నుంచి." ఆమెకు ఆయాసం వస్తోంది. "నీ కుడిపక్క ఏమున్నదో చెప్పు."

దుమ్ము మెల్లగా పలచబడింది. ట్యాంకరు దగ్గరి మనుషులిద్దరూ తమ కంటే ఎత్తున్న చక్రాన్ని చూస్తూ కదలకుండా నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలోంచి పైపు జారి పడిపోయింది.

"కుడిపక్కనా?" అన్నాడు భూపాల్. "ఏం లేదు."

యమున కళ్లు మూసుకుంది. తర్వాత మాట్లాడిన గొంతు ఇన్‌స్ట్రక్టర్‌ది కాదు.

"ట్యాంకరున్నది. ఇద్దరు మనుషులున్నరు. ఇంజిన్ బందు చేసి దిగు. నీ దండం పెడుత, దిగు."

ఇంజిన్ ఆగింది. భూపాల్ నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. డంపర్ ముందు నుంచి, బంపర్ మీద చేయి ఆనించి నడుస్తూ కుడివైపుకు వచ్చాడు. చక్రాన్ని, ట్యాంకరును, ఆ ఇద్దరినీ చూశాడు. వాళ్లు ఏమన్నారో యమునకు వినపడలేదు. భూపాల్ ఒక చేయి ముందుకు చాచి వాళ్లలో ఒకడి భుజాన్ని తాకాడు, నిజంగా ఉన్నాడో లేడో చూసుకున్నట్టు. తర్వాత ఆ చక్రం పక్కనే కూలబడ్డాడు.

రఘుపతి మోకాళ్ల మీద వాలి ఏడుస్తున్నాడు.

సెట్టు గరగరమంది. ఈసారి జైపాల్. "ఎవరూ బండ్లు ఆపొద్దు. తొమ్మిది పక్కకు తియ్యున్రి. మిగిలినయి నడవాలె. మేడమ్, మీరు సెట్టు కింద పెట్టున్రి. మీ ఇంటి లొల్లి ఇంట్ల చూసుకోండి."

యమున కింద చూసింది. దిగుతున్న డంపర్లు దిగుతున్నాయి, ఎక్కుతున్నవి ఎక్కుతున్నాయి. అయిపోయిందనుకుంది. రేపటి నుంచి ముగ్గురూ ఇంట్లో కూర్చుంటారు. భూపాల్ సీట్లోకి మరొకడు వస్తాడు. క్వారీకి ఏమీ పట్టదు.

అప్పుడు ఒక గొంతు వచ్చింది. కొంచెం వయసున్న మనిషిది.

"పదిహేడో నంబర్ ఆపుతున్న, అక్కా."

కింద గొయ్యిలో ఒక డంపర్ రోడ్డు పక్కకు జరిగి ఆగింది.

"సదయ్యను మాట్లాడుతున్న. నా పరీక్షకు గూడ నేను పోలె. పొద్దూకినంక నాకు మసక మసకగ కనవడతది. సార్ ఏర్పాటు చేస్తనంటే సరే అన్న."

"సదయ్యా, సెట్టు బందు చెయ్!" జైపాల్ అరిచాడు.

ఆ అరుపు మీదే ఇంకో గొంతు పడింది. "నాకు ఎడమ చెవు ఇనవడదు అక్కా. ఎన్కనుంచి హారన్ కొడితే నాకెర్క కాదు. నాకు భయమయితది. నేను గూడ ఆపుతున్న."

మరో డంపర్ ఆగింది. షావెల్ బకెట్టు గాలిలోనే నిలిచిపోయింది. దాని కింద నింపుకోవడానికి వచ్చిన బండి వెనక్కు తగ్గి ఇంజిన్ ఆపేసింది. ఎందుకు ఆపాడో దాని ఆపరేటరు చెప్పలేదు. చెప్పలేకపోయాడేమో.

యమునకు అప్పటిదాకా భూపాల్ ఒక్కడే కనిపించాడు. ఒక అన్న, ఒక తమ్ముడు, ఒక ఇంటి గుట్టు అనుకుంది. మంచిర్యాల దవాఖానలో ఆ రోజు ఎంతమంది పేర్లకు ఎంతమంది వేరేవాళ్లు లేచి వెళ్లారు? ఆమె పాఠం చెప్పి పంపిన పిల్లలు ఇన్నాళ్లూ ఎవరెవరి మధ్య బండ్లు నడిపారు?

సెట్టులో జైపాల్ గొంతు మళ్లీ వచ్చింది. ఇప్పుడు అరవడం లేదు. "యార్డు గేటు మూసెయ్. ఎవ్వర్ని బయటికి పోనియ్యకు. నేనొస్తున్న."

ఆ మాట ఆమెతో కాదు. యమున వెనక్కు తిరిగి చూసింది. గేటు దగ్గర కాపలా మనిషి తన సెట్టును నడుముకు పెట్టుకుని, ఆమె కళ్లలోకి చూడకుండా, రెండు తలుపులూ దగ్గరికి లాగాడు. బయటి వైపు నుంచి గొలుసు చుట్టాడు. తాళం పడిన చప్పుడు వినిపించింది.

"వదినె, జీపు" అన్నాడు రఘుపతి.

మేనేజర్ తెల్ల జీపు ఆఫీసు నుంచి బయలుదేరింది. చక్రం పక్కన కూర్చున్న భూపాల్ దగ్గర ఆగుతుందనుకుంది. ఆగలేదు. అతని పక్కనుంచే దుమ్ము లేపుకుంటూ దాటి, గుట్ట మీదికి వచ్చే దారి పట్టింది. దాని వెనక ఇంకొకటి.

రఘుపతి లేచి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. యమున అతన్ని పక్కకు జరిపింది. మళ్లీ బటన్ నొక్కింది.

"ఇంకెవరున్నరు?" అంది. "జల్ది చెప్పున్రి. ఆళ్లొచ్చేలోపు చెప్పున్రి."